మూడు రంగుల డబ్బాలు

సిద్దికా టీచరుకి ఈల ఊదడం తప్ప ఏమీ చేతకాదని ఊళ్లో అనేవాళ్లు. అన్నవాళ్ల సొమ్మేం పోయింది? పొదిలికి అవతల ఆ హైస్కూల్లో ఇరవై ఆరేళ్లుగా ఆడపిల్లల గైడ్స్ దళం నడిపింది ఆవిడే. జెండా పండగకి కవాతు చేయించింది, వడగాడ్పుల్లో బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టించింది. అయినా ఆమె పిల్లల్లో ఒక్కదాని చొక్కా మీదికీ సేవా బ్యాడ్జి ఎక్కలేదు. ఆ గుడ్డముక్క కావాలంటే ఊరికి ఏదో ఒక మేలు చేసి, ఏడాది పాటు దాన్ని నిలబెట్టి చూపించాలి. ఈ ఊళ్లో ఏడాది నిలబడేది ఏముంది గనక.

ఆగస్టు ఆఖరుకి ఆవిడ రిటైరవుతుంది. అందుకే కిందటి ఆగస్టు పదిహేనున, నీడన్నది లేని బడి దారి పొడుగునా పన్నెండు మంది పిల్లలతో నలభై కానుగ మొక్కలు నాటించింది. పిల్లలు ఇళ్ల నుంచి బిందెలు మోసుకొచ్చి ఎండాకాలం దాటించారు. ఒక్క మొక్క కూడా పోలేదు. సిద్దికాకి చాలా ఏళ్ల తర్వాత ఆశ పుట్టింది.

జూలైలో వాన మొహం చాటేసింది. ఇళ్లల్లోనే నీళ్లకు కటకట. అమ్మలు బిందెలు వెనక్కి తీసుకున్నారు. అప్పుడు సిద్దికా మిరప రైతుల ఇళ్లకు తిరిగి చేలకి కొట్టే మందుల ఖాళీ డబ్బాలు అడిగింది. అవి లేని ఇల్లు ఆ ఊళ్లో లేదు. సబ్బు పెట్టి మూడుసార్లు తనే కడిగింది. పండగ దగ్గర పడుతోంది కదా, చూడముచ్చటగా ఉండాలని పిల్లల చేత డబ్బాల మీది కాగితాలు గీకించి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగులు వేయించింది.

పన్నెండు రోజులకు ఆకులు ముడుచుకున్నాయి. ఎండ దెబ్బేమోనని పిల్లలు ఇంకో డబ్బా ఎక్కువ పోశారు. పండగకి వారం ముందు, చేను నుంచి వస్తున్న దానయ్య ఆగి ఒక కొమ్మ విరిచి చూశాడు.

"ఇది ఎండ కాదు టీచరమ్మా. కలుపు మందు. పత్తికి తగిలినా ఇట్టాగే మెలి తిరుగుద్ది. నీళ్లు దేంతో పోస్తన్నారు?"

ఆవిడ డబ్బా చూపించింది. దానయ్య మూత తీసి వాసన చూశాడు.

"కడిగితే పొయ్యేది కాదమ్మా అది. దేంట్లో ఏ మందుందో కాగితం మీద ఉండాలే?"

కాగితాలు ఎక్కడివి? సిద్దికాకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఆమె రైతు కూతురు. కలుపు మందు కొట్టే ట్యాంకుకి వాళ్ల నాన్న పీరు ఎర్రగుడ్డ కట్టి విడిగా పెట్టేవాడు, పిల్లల్ని తాకనిచ్చేవాడు కాదు. చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతిని రంగుల మోజులో మరిచిపోయింది.

నేరుగా హెడ్మాస్టరు గదికి వెళ్లి సంగతి చెప్పింది. సీతారామాంజనేయులు గారు చెడ్డమనిషి కాదు. "నర్సరీ నుంచి ఏపుగా ఉన్నవి తెప్పించి అవే గుంటల్లో పెడదాం సిద్దికా గారూ. బ్యాడ్జీల కోసం జిల్లా నుంచి తనిఖీకి వచ్చేవాళ్లు కారు దిగి చూసేది ఎంతసేపు? పాతవి ఎండకి పోయాయని పిల్లలకి చెప్పండి. బ్యాడ్జీలు వస్తాయి, మీరూ సంతోషంగా రిటైరవుతారు" అన్నాడు.

సరే అనాలనే అనిపించింది ఆమెకు. చెప్పి వస్తానని లేచి దారి మీదికి వెళ్లింది. పిల్లలు వరుసగా నిలబడి, వాడిపోయిన మొక్కల మొదళ్లలో రంగు డబ్బాలు వంపుతున్నారు. కళ్లెదుట అది చూశాక ఎండ మాట నోటికి రాలేదు. ఆపమని అరిచి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. తప్పు తనదేనని రెండుసార్లు చెప్పింది. బ్యాడ్జీలు రావని కూడా చెప్పింది.

ఎవరూ ఏడవలేదు. తొమ్మిదో తరగతి మెహర్ మాత్రం దగ్గరికి వచ్చింది.

"టీచర్, నేను నా మొక్కకి మొదటి రోజు నుంచీ రెండేసి డబ్బాలు పోశాను. అందుకేనా అది అన్నిటికంటే ముందు పోయింది?"

కాదని చెబుదామని సిద్దికా నోరు తెరిచింది.

"అవునమ్మా" అంది.

మెహర్ డబ్బా కింద పెట్టింది. చేతులు చున్నీకి తుడుచుకుంది. బడి గంట కొట్టినా ఇంకా తుడుచుకుంటూనే ఉంది.