వీరబాబు వెండి కవచం

మంచి వస్తువు చేతికొచ్చిన వెంటనే వాడేసుకోవడం మా ఇళ్ళల్లో మర్యాద కాదు. కొత్త చొక్కా కుట్టిస్తే ముందు కాలరు మూల పసుపు బొట్టు పెట్టాలి, మంగళవారం కాకుండా చూసుకోవాలి, ఆపైన ఎవరిదో ఒకరి పెళ్ళి వచ్చేదాకా బీరువాలో కలరా ఉండల మధ్య పడుకోబెట్టాలి. (మా తమ్ముడు ఒకసారి నాతో చెప్పకుండా అలా పడుకున్న చొక్కా తొడుక్కుని సినిమాకి వెళ్ళొచ్చాడు. వాడితో చాలా రోజులు మాట్లాడలేదు.) అలా పెరిగిన మనిషి విమానమెక్కగానే మారిపోతాడని ఎవరైనా అనుకుంటే అది వాళ్ళ అమాయకత్వం. మాస్టర్స్ చదువుకని ఇంగ్లండులో లీడ్స్ వెళ్ళిన ఆ రోజుల్లో నా సూట్‌కేసులో మంచి ఉన్ని కోటొకటి ఉండేది. పళ్ళు టకటకా కొట్టుకునే చలిలో కూడా దాన్ని బయటికి తీయలేదు. ఉద్యోగం వచ్చాక తొడుక్కుందామని. ఆ తెలివితేటలు నా ఒంటిమీదే ఆగి ఉంటే చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు. వాటిని నేనొక వీడియో గేమ్‌లోకి కూడా మోసుకుపోయాను, అదీ నాది కాని వీడియో గేమ్‌లోకి.

ఆ గేమ్ చిట్టిది. చిట్టి అంటే నేను అద్దెకున్న ఇంటివాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పై గది నాది, కింద వాళ్ళు ముగ్గురు. ఆంటీది పాలకొల్లు వైపు, ఆసుపత్రిలో నర్సు. అంకుల్‌కి ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోమ్‌లో పని. ఇద్దరి డ్యూటీ వేళలూ ఎప్పుడూ ఎడమొహం పెడమొహంగానే ఉండేవి, భార్యాభర్తలు తీరిగ్గా పక్కపక్కన కూర్చునేది ఆదివారం చర్చిలోనే. ఇద్దరూ డ్యూటీలో ఉన్న సాయంత్రాలు చిట్టికి తోడుండడం నా వంతు. అప్పటికి ఆ పిల్లకి పదేళ్ళుంటాయేమో. అక్కడే పుట్టింది, మనం మాట్లాడే తెలుగంతా అర్థమయ్యేది, జవాబు మాత్రం లీడ్స్ యాస ఇంగ్లీషులో వచ్చేది. మొదటి వారమంతా తను చెప్పేదానికి నేను తల ఊపుతూ నెట్టుకొచ్చాను. తర్వాత తెలిసిందేమిటంటే, అలా తల ఊపుతూ ఊపుతూ రోజూ తనతో గేమ్ ఆడతానని మాటిచ్చేశానట.

గేమ్ కథ పెద్ద కష్టమైనది కాదు. ఒక రాజ్యం, దాని చివర కొండ, కొండమీద కోటలో ఒక మాంత్రికుడు. మన వీరుడు ఊరూరా తిరిగి రాక్షసులతో పోరాడి, బలం పెంచుకుని, చివరికి వెళ్ళి ఆ మాంత్రికుణ్ణి చంపాలి. వీరుడికి వీరబాబని పేరు పెట్టాను. ఆ పేరు పలకడం చిట్టికి ఎంత సరదాగా ఉండేదో చెప్పలేను. యుద్ధాలు తను చేసేది (నేను కంట్రోలర్ పట్టుకుంటే వీరబాబు గోడకి ఎదురుగా నిలబడి పరిగెత్తేవాడు). సామాను చూసుకోవడం నాకు అప్పగించింది, అంటే ఏ కత్తి పట్టాలి, ఏ బూట్లు తొడగాలి, ఏది పెట్టెలో దాచాలి అనేవన్నీ. పిల్ల చేసిన పొరపాటు ఇదొక్కటే.

గుహల్లో, పాడుబడ్డ కోటల్లో మాకు దొరికిన మంత్రశక్తుల సామానంతా నేను వీరబాబు ఇంట్లో పెట్టెలో భద్రంగా దాచేవాణ్ణి. ముందు నిప్పు సోకని చేతి తొడుగులు దొరికాయి. తర్వాత గాలి బూట్లు, ఆ తర్వాత కొమ్ముల శిరస్త్రాణం. చివరికి చిట్టి ఒక సాలీడు రాక్షసితో వారం పాటు తలపడి వెండి కవచం సంపాదించింది. ఆ నాలుగూ కలిపి తొడిగితే వీరుడి ఒళ్ళంతా నీలంగా వెలుగుతుందనీ, అడుగు వేసిన చోటల్లా నక్షత్రాలు రాలతాయనీ గేమ్ అట్ట మీద బొమ్మ ఉండేది. చిట్టికి మాంత్రికుడు చస్తేనేం, బతికితేనేం. ఆ వెలుగు చూడాలి, అదీ మా వీరబాబు ఒంటిమీద చూడాలి, అంతే.

"పుట్ ఇట్ ఆన్ హిమ్ నౌ, అన్నా," అంది కవచం దొరికిన రోజు, సోఫామీద మోకాళ్ళ మీద లేచి.

"ఇప్పుడా? ఈ బురదలోకా? పాడైపోదూ."

"ఇట్స్ ఎ గేమ్. ఇట్ కాంట్ గెట్ మడ్డీ."

"అయినా ఇవాళ మంగళవారం. కోటకి వెళ్ళే రోజు తొడుగుదాంలే, పెళ్ళికొడుకులా ఉంటాడు."

చిట్టి వంటింట్లోకి వెళ్ళి తల్లితో ఫిర్యాదు చేసింది. నైట్ డ్యూటీకి బాక్సు సర్దుకుంటున్న ఆంటీ తలుపులోంచి తొంగి చూసి తీర్పు చెప్పారు. "మాకా వారాల పట్టింపులు లేవు గానీ, అబ్బాయి చెప్పేది నిజవేనే. మంచియ్యన్నీ రోజూ ఏసేసుకుంటే ఆదివారానికి ఏం మిగులుతాయ్?" బూట్ల లేసులు కట్టుకుంటున్న అంకుల్ మాత్రం తల ఎత్తకుండానే, "ఆ వీరబాబుకి ఆదివారం ఎప్పుడొస్తాదో ఏంటో," అన్నారు. నేనూ ఆంటీ ఆయన మాట పట్టించుకోలేదు.

మరి వీరబాబు ఈలోగా ఏం వేసుకున్నాడంటారా? చచ్చిన దొంగల ఒంటిమీద ఏది దొరికితే అది. ఒక దొంగ టోపీ, ఇంకొకడి గొర్రెతోలు కోటు, ఎక్కడో చెత్తకుప్పలో దొరికిన గోధుమరంగు చెప్పులు. "హి లుక్స్ లైక్ ఎ బిన్ బ్యాగ్," అని, అంటే చెత్త సంచిలా ఉన్నాడని, చిట్టి నిట్టూర్చేది. దెబ్బ తగిలితే చాలు చచ్చేవాడు. చచ్చినప్పుడల్లా తను నావైపు చూసేది, నేను వేదాంతిలా కిటికీలోంచి వాన చూసేవాణ్ణి. పాపం, ఎంత విసుక్కున్నా ఆ పెట్టె తాళం నా చేతిలోంచి లాక్కోలేదు. సామాను అన్నయ్యదని ఒకసారి అన్నాక అన్నట్టే. ఆ పెద్దరికం ఇచ్చింది తనే, దాన్ని అడ్డం పెట్టుకుని ఊరించింది నేను.

రోజులు అలా నడిచాయి. నా థీసిస్ అయింది, వర్క్ వీసా వచ్చింది, వేర్‌హౌస్‌లో డబ్బాలు మోస్తూ ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకుంటూ గడిపాను. గేమ్ రోజూ ఆడేది కాస్తా వారానికొకసారి, తర్వాత ఎప్పుడైనా తీరినప్పుడు అన్నట్టయింది. చిట్టి పెద్ద స్కూలుకి మారింది. పక్కనే కూర్చునేది గానీ కంట్రోలర్ నా చేతికిచ్చి తను ఫోను చూసుకునేది. "ఇటు వెళ్ళనా?" అంటే తల ఎత్తకుండా "యా, యా" అనేది. హోంవర్క్‌తో అలసిపోయిందనుకున్నాను. ఇంత చదువుకున్నవాణ్ణి, కళ్ళెదుట కనపడేదానికి ఎంత బాగా అర్థం చెప్పుకున్నానో చూడండి.

ఆఖరికి లండన్ పక్కన క్రోయిడన్‌లో ఉద్యోగం వచ్చింది. ఆదివారం ప్రయాణం. శనివారం కోటమీదికి వెళ్తున్నామని ఇంట్లో చాటింపు వేశాను. తిథి కూడా చూశాను, దశమి, దివ్యంగా ఉంది. మధ్యాహ్నం స్నానం చేసి, తల దువ్వుకుని (ఎందుకో అడక్కండి), మెట్లు దిగి వచ్చేసరికి చిట్టి గుమ్మం దగ్గర జాకెట్ జిప్పు లాక్కుంటోంది. బయట స్నేహితురాళ్ళు ఎదురుచూస్తున్నారు, సినిమాకట.

"ఓ, ద గేమ్," అంది నన్ను చూసి. మొహంలో నిజంగానే నొచ్చుకోవడం కనిపించింది. "సారీ అన్నా, ఐ కంప్లీట్లీ ఫర్‌గాట్. యు డూ ఇట్. టెల్ మి ఎవ్రీథింగ్, ఓకే?"

ఓకే అన్నాను. ఇంకేమంటాను?

ఒక్కణ్ణే కూర్చుని పెట్టె తెరిచాను. ఇన్నాళ్ళూ దాచినవి ఒక్కొక్కటే బయటికి తీశాను. తీరా చూస్తే, వెండి కవచం కాచే దెబ్బల లెక్క కంటే ఈమధ్య ఒక దొంగ ఒంటి మీంచి తీసిన గొర్రెతోలు కోటు లెక్క పెద్దదిగా ఉంది. బూట్లు అంతే, శిరస్త్రాణం అంతే. ఆ సామానంతా ఆట మొదటి భాగంలో ఉన్నవాడి కోసం చేసింది. మేము తిరిగి తిరిగి ఆటలో చాలా దూరం వచ్చేశాం, ఇక్కడి దొంగలు కట్టే గుడ్డలే దానికంటే గట్టివి. వెండి కవచంతో కోటకి వెళ్తే గేటు దగ్గర కాపలావాడే చంపేస్తాడు.

డ్యూటీ నుంచి వచ్చిన అంకుల్ టీ కప్పుతో పక్కన కూర్చున్నారు. "ఏరా అబ్బాయ్, మాంత్రికుడు పోయాడా?"

"లేదంకుల్. కవచం పనికిరాదట."

"అదేంటి, కొత్తదే కదా?"

"కొత్తదే అంకుల్. ఒక్కసారి కూడా వేసుకోలేదు."

ఆయన టీ చప్పరిస్తూ కూర్చున్నారు. నేను నాలుగూ తీసి వీరబాబుకి తొడిగాను. ఒళ్ళంతా నీలంగా వెలిగింది. నడిపిస్తే నక్షత్రాలు రాలాయి, అట్ట మీద బొమ్మలో కంటే బాగానే రాలాయి. కోటకి తీసుకెళ్ళలేదు. ఊరి బజార్లో అటూ ఇటూ తిప్పుతూ, చిట్టి వచ్చేదాకా అలాగే ఉంచాను.

తను వచ్చి తలుపు దగ్గర ఆగింది. ఒక క్షణం టీవీ వైపు చూసింది. "ఓ, హి లుక్స్ లవ్‌లీ, అన్నా," అంది, చిన్నపిల్లలు గీసిన బొమ్మని పెద్దవాళ్ళు మెచ్చుకుంటారే, అచ్చం అలా. తన గదిలోకి వెళ్ళిపోయింది. మోకాళ్ళ మీద లేచి ఆ వెలుగు కోసం అడిగిన పిల్ల ఆ ఇంట్లో ఎప్పుడో లేకుండా పోయింది, ఆ సంగతి అందరికంటే ఆఖరున తెలిసింది నాకే. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అడిగిన రోజు ఒక్క బటన్ నొక్కితే సరిపోయేది.

ఆట ఆపబోతే, ఇక్కడిదాకా భద్రపరచమంటారా అని టీవీ అడిగింది. తల దువ్వుకుని కూర్చున్న ఆ కుర్రాడు ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా అవునని నొక్కాడు. ఎవరి కోసమని వాణ్ణిప్పుడు అడగాలనిపిస్తుంది గానీ, అడిగే లోపు నవ్వొచ్చేస్తుంది. దాచిపెట్టడం తప్ప వాడికి ఇంకే పనీ రాదు మరి.