మా ఆయన కొత్త గొంతు

మా పెళ్లయి పద్దెనిమిదేళ్లు. సిద్దిపేటలో మాకు విత్తనాల దుకాణం ఉంది. ఇన్నేళ్లలో మా ఆయన నన్ను పిలిచిన పిలుపు ఒక్కటే, "ఏమే, చాయ్ తే!" అది కూడా వీధి చివరిదాకా వినిపించే గొంతుతో.

పోయిన వానాకాలంలో నంగునూరు నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. ఇద్దరం వంటింట్లో గోకరకాయ తుంచుతున్నాం. ముందు గదిలోంచి మా ఆయన గొంతు వినిపించింది, సన్నగా, తేనె పూసినట్టు.

"నా కోసం ఒక పాట పాడతారా అండీ?"

"తప్పకుండా" అంది ఒక ఆడగొంతు. పాడింది కూడా.

"చాలా బాగా పాడారండీ!"

"పాడిన్రు" అనే మనిషి "పాడారండీ" అంటున్నాడు! పద్దెనిమిదేళ్లలో నాకు ఒక్కసారీ దక్కని "అండీ" అది. ఒళ్లు మండిపోయింది. పరుగున వెళ్లి ఆయన చేతిలోని ఫోన్ లాక్కున్నాను.

"ఎవతివే నువ్వు? నా మొగునితోని నీకేం ముచ్చట్లు?"

"క్షమించండి, మీరన్నది నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

"మళ్ల చెప్పాల్నా!" అంటూ ఇంకా గట్టిగా తిట్టాను.

వెనకే వచ్చిన ఆడబిడ్డ కడుపు పట్టుకుని నవ్వింది. "గది మనిషి గాదు వదినా, ఫోనే మాట్లాడుతది!"

"మన మాట దానికి తెలుస్తలేదే. పుస్తకంల లెక్క మాట్లాడితెనే ఇంటది" అని మా ఆయన నసిగాడు.

సిగ్గుతో ఆ రోజంతా ఆడబిడ్డ ముందు తలెత్తలేకపోయాను. కానీ ఒక్క సంగతి ఇప్పటికీ నన్ను కాలుస్తూనే ఉంది. ఫోన్‌కు అర్థం కావాలని మాట మార్చాడు, సరే. మరి గొంతెందుకు మార్చినట్టు?