గడ వేసిన భుజం

రైలు దిగేసరికి తెల్లవారింది. పీఠభూమి మీద చలిగాలి, ఎర్రదుమ్ము. సైనిక శిక్షణ కేంద్రం గేటు దగ్గర సెంట్రీ నా ఉత్తర్వు చదివి, "తుపాకీ బదులు కెమెరానా?" అని నవ్వాడు. అది నా ఆఖరి పోస్టింగ్. రిక్రూట్ల ఫోటోలు తీయడం డ్యూటీ. ఆ పని నాకు ఏ కోర్సులోనూ నేర్పలేదు. సెలవుల్లో మా సూళ్లూరుపేట గ్రంథాలయంలో కూర్చుని, అట్ట ఊడిన ఫోటోగ్రఫీ పుస్తకం చదివి నేర్చుకున్నాను. ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

మొదట్లో ఎవరి ముఖమూ గుర్తుండేది కాదు. అందరికీ గుండ్లు, ఒకే ఆకుపచ్చ బట్టలు. తిరుమలలో గుండ్ల మధ్య మనవాళ్లను వెతుక్కున్నట్టుండేది.

కవాతు నేర్పే హవల్దారును అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఊరు పలమనేరు. మైదానంలో హిందీ తప్ప మాట్లాడడు. తెలుగు టీ దగ్గరే.

ప్లటూన్ ఫోటోకు ముందురోజు సాయంత్రం ఒక రిక్రూట్ నా దగ్గరికి వచ్చాడు. పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ల బిడ్డ.

"అన్నా, ఫోటోలో మా యమ్మ నన్ను గుర్తుపడతాదా?"

"ఎందుకు పట్టదప్పా?"

"అందరం ఒకే మాదిరి ఉండాం గదా. ఆయమ్మకు సూపు సరిగా ఆనదు. నాయన పోయినాక నేనొక్కడినే. సెలవు ఇంకా శానా దూరం. అంతదాకా ఆ ఫోటోనే సూసుకోవాల."

చిన్నప్పటి నుంచి గడకర్రతో పడవ నెట్టి నెట్టి అతని కుడిభుజం కాస్త పైకి లేచి ఉండేది. ఉస్తాద్ రోజూ దాన్ని దించేవాడు.

మర్నాడు ఎండ ముదరకముందే బెంచీలు మూడు వరుసలుగా వేశాం. గాలికి స్టాండు కదలకుండా ఇసుకసంచి వేలాడదీశాను. ఉస్తాద్ కేక పెట్టాడు. గడ్డాలు లేచాయి. పిడికిళ్లు బిగిశాయి. అతని భుజం కూడా దిగింది. కెమెరా మీట నొక్కాను. అయిపోయిందనుకుని అందరూ ఊపిరి వదిలారు. భుజం తన చోటికి తాను వెళ్లిపోయింది. మళ్లీ నొక్కాను.

ఫోటో అచ్చుకు వెళ్లాలంటే ఉస్తాద్ ఒప్పుకోవాలి. టీ దగ్గర రెండూ చూపించాను. రెండోది చాలాసేపు చూశాడు.

"ఏందబ్బా ఇది? నెలలుగా నేను దించింది ఒక్క ఊపిరికే లేసిపోయినాదే!"

"వాళ్లమ్మ గుర్తుపట్టాలంట, ఉస్తాద్."

ఆయన టీ పూర్తిచేశాడు.

"మొదటిది ఆఫీసు గోడకు. రెండోది ఇండ్లకు. అందరి ఇండ్లకూ." గ్లాసు పెట్టి లేచాడు. "రేపు మాత్రం భుజం దించాల్సిందే. సెప్పు వానికి."

ఆ మాటకు ఆయనకు నేటికీ రుణపడి ఉన్నాను.

అతని సెలవుకంటే ముందే నా సర్వీసు ముగిసింది. అతని ఫోటో నేనే తెచ్చాను. సూళ్లూరుపేటలో దిగి, ఇంటికి పోకుండా సరస్సు వైపు బస్సెక్కాను.

ఆ తల్లి రొయ్యలు ఏరుతోంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఫోటోను కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. వేలు వెదకలేదు. నేరుగా భుజం మీద ఆగింది.

"ఈడే. గడ ఇంకా సేతిలోనే ఉన్నట్టు కూసున్నాడు సూడు!"

నవ్వింది, కళ్లు తుడుచుకుంది. ఫోటో తిరిగిస్తుందేమో అనుకున్నాను. వేలు పక్క ముఖం మీదికి జరిగింది.

"ఈ పిల్లోడెవురు? ఏ ఊరు? వాళ్లమ్మకూ పోయిందా ఫోటో?"

"పోయిందమ్మా. అందరికీ."

"ఈ పక్కనోడు?"

పేర్లు చెబుతూ పోయాను. తడి ఆరని ఆ వేలు మూడు వరుసలూ నడిచింది, ఒక్కో గుండు దగ్గరా ఆగుతూ.