చుట్టానికని కోసిన వంకాయలు

మా ఊళ్లో కూరగాయలు పండించే ప్రతి చేలోనూ ఒక సాలు ఇంటికని వదిలేస్తారు. దానికి మందు కొట్టరు. మిగతా సాళ్లన్నీ బజారుకి. ఇది నాకెవరూ నేర్పలేదు. బడి మానేసి చేలో దిగిన రోజునించీ చూసి పట్టేసిందే. ఆ ఇంటి సాల్లో పుచ్చు లేని వంకాయ దొరికితే మాకు పండగే.

ఆ ఆదివారం ఎలమంచిలి నించి మా బావమరిది వచ్చేడు. నేను అనకాపల్లి వెళ్లి వచ్చేసరికి గుత్తొంకాయ కూర సిద్ధంగా ఉంది. నేనింకా చెయ్యి కడుక్కోలేదు, వాడు రెండోసారి వడ్డించుకుంటున్నాడు. మా పాప మేనమామ ఒళ్లో కూర్చుని వాడి కంచంలోనే తింటోంది. కాయలు ఎక్కడా చిన్న బెజ్జం లేకుండా నున్నగా ఉన్నాయి.

“ఏటే, మీ తమ్ముడొచ్చేడని పురుగులు సెలవెట్టీసేయా?” అన్నాను మా ఆవిడతో.

“బజారు సాల్లో కోసేను మావా. పుట్టింటోడికి పుచ్చులెడితే పరువుంటాదా?”

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. “నిన్న సాయంత్రమే కదే దానికి మందు కొట్టేను!”

మా బావమరిది పగలబడి నవ్వేడు. “నీ ఏసాలు నాకు తెల్దా బావా? కూర నీకు మిగలదని బెంగ.”

పుట్టి బుద్ధెరిగి నేనొక్క మాట తిన్నగా చెప్పిన పాపాన పోలేదు. ఇప్పుడు చెబితే నమ్మేవాడు లేడు. వాడు ఇంకో ముద్ద పాప నోటి దగ్గర పెట్టేడు. నేను కంచం లాగి వాకిట్లోకి విసిరేను. అప్పుడు చూసేడు వాడు నా మొహం.

కాసేపటికి పాప కక్కింది.

బండి మీద నాకూ మా బావమరిదికీ మధ్య పాపని కూర్చోబెట్టుకుని, మందు డబ్బా జేబులో కుక్కుకుని అనకాపల్లి ఆసుపత్రికి ఎలా చేరేనో నాకు తెలీదు. “ఒరే, దానికి ఊపిరాడతందా?” అని అడుగుతూనే ఉన్నాను. వాడు నవ్వడం మానేసేడు.

డాక్టరు డబ్బా మీద అక్షరాలు చదివేడు, పాప కళ్లలోకీ మా బావమరిది కళ్లలోకీ లైటు వేసి చూసేడు. “పాపని సాయంత్రం దాకా ఉంచుదాం” అన్నాడంతే. బాగుంటుందని గానీ బాగోదని గానీ అనలేదు. నేను పాప పొట్ట లేచి దిగడం చూస్తూ నించున్నాను. లేవడం కొంచెం ఆలస్యమైతే వంగి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి.

సెలైను సరిచేస్తూ నర్సమ్మ అడిగింది: “మీ వంకాయలు ఎక్కడ అమ్ముతారు?”

“రైతుబజార్లోనండి.”

“మేమూ అక్కడే కొంటాం.” ఆవిడ చేతిలో పని ఆగిపోయింది. “మా పిల్లలకి వంకాయంటే ఇష్టం.”

 జేబులో మందు డబ్బాని చేత్తో కప్పుకున్నాను.

చీకటి పడే వేళకి పాప ఆకలన్నది. ఇంటికి తీసుకెళ్లిపోమన్నారు. మర్నాటినించీ మా చేలో అన్నీ ఇంటి సాళ్లే. వేపకషాయం, ఆవుపంచితం తప్ప మందన్నది లేదు. కాపు తగ్గింది. బజార్లో కాయ తిరగేసి కింద పెట్టేసేవాళ్లతో, “అమ్మా, పురుగు తిని బతికే ఉంది చూడండి, ఇంతకన్నా గ్యారంటీ ఎవడిస్తాడు?” అంటాను. కొందరు నవ్వి కొంటారు.

నాకు మాత్రం భయం పోలేదు. పెళ్లిలో గానీ హోటల్లో గానీ మా పాప ముద్ద నోట్లో పెట్టుకుంటే, అది మింగి, మళ్లీ కంచంలోకి చెయ్యి పెట్టేదాకా నేను నా ముద్ద ముట్టుకోలేను.