సిస్టరమ్మ చెవి పెట్టిన భాష

దుమ్ముగూడెం సంతలో పిల్లలకు పోలియో చుక్కలు వేస్తుండగా ఫోను వచ్చింది. సత్తుపల్లిలో మా పెద్ద సిస్టరమ్మ పోయిందట. రిటైరయ్యాక అక్కడే కూతురి దగ్గర ఉంటోంది. వరసలో మిగిలిన పిల్లలకు చుక్కలు వేసి, మందు సీసా పెట్టెలో పెట్టేశాను. ఊరందరికీ వాగుడుకాయనైన నాకు చెవి పెట్టడం నేర్పింది ఆమే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, మా ఊరు ఏన్కూరు నుంచి మొదటి పోస్టింగు మీద దుమ్ముగూడెం వచ్చి ఆమె చేతికింద నర్సుగా చేరాను. మేము తిరిగేవి కోయ గూడేలు. అక్కడి ఆడవాళ్లలో చాలామందికి తెలుగు అంతంతమాత్రం. రోజూ చెవిన పడే కోయ భాషే కదా, పడగా పడగా అదే వస్తుందిలే అని నా ధీమా. ఏడాది గడిచేసరికి నాకు వచ్చినవల్లా రమ్మనడం, కూర్చోమనడం, గోళీ మింగమనడం. అవైనా వాళ్లు నా చేతులు చూసి అర్థం చేసుకున్నారేమో.

"సంత చప్పుడు గూడ రోజూ చెవిల పడ్తది బిడ్డా. దాంట్ల ఏమన్న నేర్చినవా?" అనేది సిస్టరమ్మ. "పడుడు గాదు, పట్టుకోవాలె."

ఆమె పట్టుకునే తీరు ముచ్చటగా ఉండేది. గూడేనికి బయల్దేరే ముందే ఆ రోజు దేనికి చెవి పెట్టాలో అనుకునేది. ఒకరోజు నొప్పిని ఎలా చెబుతున్నారో అదొక్కటే. ఇంకోరోజు పెద్దవాళ్లను ఎలా పలకరిస్తున్నారో అదొక్కటే. విన్నది వెంటనే తానూ అని, సరిగ్గా ఉందా అని అడిగేది. తప్పయితే ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వేవారు. ఆమె చిన్నబుచ్చుకునేది కాదు. "నవ్వినకాడ ఆగి చూడాలె. మనకు తెల్వంది ఆడనే ఉంటది" అనేది. తిరుగుదారిలో విన్నవన్నీ నెమరు వేసుకుంటూ నడిచేది, నన్ను మాట్లాడనిచ్చేది కాదు. నాకు అంతకు మించిన శిక్ష లేదు.

ఒక వానాకాలం పొద్దున, గూడెంలో ఒక ఇంట నెలలు నిండిన కోడలికి కాళ్లు వాచి బీపీ బాగా పెరిగింది. భద్రాచలం దవాఖానాకు చేర్చకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కేలా లేరు. జీపు వాగు అవతల ఉంది, వాగు పెరుగుతోంది. వచ్చీరాని మాటల్లో బతిమాలాను, బెదిరించాను. అత్త మాత్రం తన కోళ్ల గురించి, కురిసే కప్పు గురించి చెప్పుకుంటూ కూర్చుంది. నాకు ఒళ్లు మండింది.

"పాణం పోతాంటే కోళ్ల ముచ్చటేంది సిస్టరమ్మా?"

సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఈళ్లు వద్దని మొఖం మీద అనరు. వద్దనుకుంటే ఇంటి సంగతి ఎత్తుతరు. శానా ఇండ్లల్ల గమనించిన. ఎందుకొద్దో గదే అడగాలె."

అత్త పక్కన నేలమీద కూర్చుని వాళ్ల భాషలో కోళ్ల గురించే అడిగింది. కోళ్ల నుంచి ఇంటికి, ఇంటి నుంచి కోడలికి మాట మెల్లగా నడిపింది. చివరికి ఆ అవ్వ అసలు భయం బయటపెట్టింది. దవాఖానాలో తనను బయటే నిలబెడతారు. లోపల పిల్ల నొప్పితో ఏం చెప్పుకున్నా, దాని మాట తెలిసినవాళ్లు ఒక్కరూ ఉండరు.

"లోపల నేనుంటాను" అంది సిస్టరమ్మ, ఆ భాషలోనే. ఆ మాట నాకు కూడా అర్థమైంది. అవ్వ లేచి కోడలి చెయ్యి పట్టుకుంది. నలుగురం నడుంలోతు నీళ్లలో వాగు దాటాం.

ఈనాడు నేను ఏ గూడేనికైనా తోడు లేకుండా పోయి మాట్లాడి వస్తున్నానంటే అది ఆమె పెట్టిన భిక్షే. ఆమె బతికుండగా ఈ మాట ఆమెతో అన్నాను. నవ్వి, "ఇంక శానా ఉంది నేర్చుకునేది" అంది.

వాగు దాటిన ఆ రోజు సాయంత్రం, భద్రాచలం దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది, తల్లి దక్కింది. కాన్పు గది బయట అవ్వ పసిగుడ్డును ఒళ్లో పెట్టుకుని మెల్లగా వాళ్ల భాషలో ఏదో అంటోంది. అప్పటిదాకా లోపల నిలబడే ఉన్న సిస్టరమ్మ, కుచ్చిళ్ల తడి ఇంకా ఆరకుండానే వచ్చి ఆమె ముందు కూర్చుని, మళ్లీ చెప్పమంది. అవ్వ చెప్పింది. సిస్టరమ్మ పసిదాని మొహంలోకి చూస్తూ తానూ అంది. అవ్వ కాదన్నట్టు తల ఊపింది. సిస్టరమ్మ మళ్లీ అంది.