వరస కుదరని నవల

నా నవల్లో పెళ్లి కుదిరిపోయింది. ముహూర్తం పెట్టేశాను, పందిరి వేయించాను, ఇక తాళి కట్టించడమే తరువాయి. సరిగ్గా అప్పుడు మా అత్త అడ్డం పడింది.

"ఇదేటే, అన్నాసెల్లెల్లకి పెళ్లి సేసేస్తన్నావు?" అంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వంటింటి గడప మీద కూర్చుని ఎండు నెత్తళ్ల చేపల తలలు తుంచుతోంది ఆవిడ. ఎదురుగా గోడకి చేరగిలబడి నేను ఫోన్లో రాసుకున్నది చదువుతున్నాను. రోజూ ఇదే మా కాలక్షేపం. ఆవిడకి ఫోన్లో అక్షరాలు ఆనవు, నాకు వినేవాళ్లు లేరు. ఇద్దరికీ కుదిరింది.

మా అత్తంటే మా నాన్న చెల్లెలు. నన్ను ఉయ్యాల్లో వేసిన రోజే "ఇది నా కోడలు" అనేసిందట. దాంతో నేను ప్రేమించిందీ లేదు, ప్రేమించకపోయిందీ లేదు. బావ, బావ అంటూ పెరిగి, శృంగవరపుకోట దగ్గర మా ఊరి నుంచి ఒకరోజు ఆ బావతోనే విజయనగరం వచ్చి పడ్డాను. ఇలాంటి మనిషి ప్రేమ నవల రాయడమేమిటని మీరు అడగొచ్చు. నన్ను నేను రోజూ అడుక్కుంటూనే ఉన్నాను. ఎరువుల కొట్టు మూసి ఇంటికొచ్చిన బావని కూడా ఒకసారి అడిగాను, ప్రేమించుకున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారు బావా అని. "నాకేటి తెలుసే, నాను ఎవుల్ని ప్రేమించేను?" అన్నాడు పప్పన్నం కలుపుతూ. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తెలియక ఇంకో గరిటె పప్పు వేశాను.

మా ఇంట్లోకి పెద్ద ఫోను వచ్చిన ఏడాది మొదలైంది నాకీ పిచ్చి. నాకు ప్రచురణకర్త లేడు, సంపాదకుడు లేడు. రాసేదీ నేనే, తప్పులు దిద్దేదీ నేనే, భాగాలు భాగాలుగా కథల యాప్‌లో పెట్టేదీ నేనే. ముఖచిత్రం మాత్రం గంటస్తంభం దగ్గర ఫ్లెక్సీలు కొట్టే అతనితో చేయించాను. సముద్రం ఒడ్డున ఒక జంట కావాలన్నాను. వెనక మంచు కొండలు పెట్టి ఇచ్చాడు. "భోగాపురంలో మంచు కొండలేంటి బాబూ?" అంటే, "అలాగే బాగుంటాది మేడమ్, జనం సూస్తారు" అన్నాడు. నిజంగానే చూశారు కూడా, ఏమనాలి!

ఆ నవలకి ముందు నేను మొదలుపెట్టినవన్నీ మధ్యలో చచ్చాయి. ఇదైనా చివరిదాకా తీసుకెళ్లలేకపోతే రచయిత్రిననుకోవడం మానేసి హాయిగా ఆవకాయ వ్యాపారం పెట్టుకుంటానని ఒట్టు పెట్టుకున్నాను. అందుకే చాలా జాగ్రత్తగా అల్లాను. అమ్మాయిది మా ఊరిలాంటి ఊరు, వరి పండించే ఇల్లు. అబ్బాయిది భోగాపురం పక్కన సముద్రపు ఒడ్డు, వేటకెళ్లే ఇల్లు. ఒడ్డు నాకు తెలియదు కాబట్టి చూసొద్దామని ఒకసారి బస్సెక్కి వెళ్లాను. పడవలెన్ని, ఈ ఇల్లు ఎవరిది, ఆ తోట ఎవరిది అని అడుగుతుంటే అక్కడి ఆడవాళ్లు చుట్టూ మూగారు. అప్పుడు విమానాశ్రయానికి భూములు తీసుకుంటారని గోలగా ఉంది. "సర్వేకొచ్చేవేటమ్మా? మా ఇల్లు రాసుకోకు, సెప్తన్నాను" అని ఒకావిడ చెయ్యి పట్టుకుంది. ప్రేమ కథ కోసం వచ్చానంటే ఎవరూ నమ్మలేదు. తలనొప్పితో తిరిగొచ్చాను.

అంత కష్టపడితే, ఇప్పుడు అత్త అన్నాచెల్లెళ్లంటుంది.

"ఎలా అవుతారత్తా? వాళ్లది వేరే కులం, వీళ్లది వేరే కులం. చుట్టరికమే లేదు కదా!"

"ఆ గుంట అమ్మ, ఈ గుంటడి అమ్మని ఏటని పిలిసినాది? నువ్వే సదివేవు."

అప్పా అని పిలిచింది. మా వైపు అక్కని అప్ప అంటాం. అబ్బాయి తల్లి తట్టతో చేపలు తెచ్చి అమ్మాయి వాళ్ల ఊళ్లో అమ్ముతుంది. ఆ ఇంట్లో మగమనిషి పోయాక, చుట్టాలందరూ తిని వెళ్లిపోయాక, ఆవిడ తట్ట వాకిట్లో దించి లోపలికొస్తుంది. తిండి మానేసి పడుకున్న అమ్మాయి తల్లిని లేపి, అన్నం కలిపి ముద్దలు పెడుతుంది. అప్పుడు మొదటిసారి "అప్పా" అని ఆవిడ ఒళ్లో పడి ఏడుస్తుంది ఈ తల్లి. నాలుగో భాగం అది. రాస్తూ నేను కూడా ఏడ్చాను.

"అప్ప కొడుకు నీకు కొడుకు. నీ కొడుకు నీ కూతురికి అన్న," అంది అత్త, నెత్తళ్లు చేటలోకి ఎత్తుతూ. "ఇది కూడా తెలీకుండా నవల్లు రాసెత్తన్నావు."

"అది నోటి వరసే కదా!"

"నోటి వరస వరస కాదేటి?"

నాకు ఒళ్లు మండింది. ఆవిడ లెక్కనే పట్టుకుని, మా అమ్మ వైపు నుంచి చూస్తే బావ నాకు చిన్నాన్న అవుతాడు, మరి మా పెళ్లి ఎలా చేశావని నిలదీశాను. "దగ్గర వరస సూస్తాం. దూరం లెక్కలు ఎవులు తీస్తారు?" అని లేచి వెళ్లిపోయింది. నోటితో అన్నది దగ్గరా, రక్తంలో ఉన్నది దూరమా? ఆలోచించిన కొద్దీ బుర్ర వేడెక్కింది. నాకు తెలిసిన మొగుడూపెళ్లాలందరి వరసలూ లెక్కవేసుకుంటూ రెండ్రోజులు కూర మాడ్చాను. యాప్‌లో పాఠకులెవరికీ ఈ బాధ పట్టలేదు. "సూపర్ అక్కా, పెళ్లి ఎప్పుడక్కా?" అని రాస్తున్నారు. వాళ్లందరూ నన్ను అక్కా అంటుంటే ఇక ఎవరు ఎవరికి ఏమవుతారో దేవుడికే తెలియాలి.

పోనీ అత్త మాట పక్కన పెట్టి పెళ్లి చేసేద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు. తప్పని ఒకసారి చెవిన పడ్డాక తాళి కట్టించే వాక్యం దగ్గరకి రాగానే వేలు ఆగిపోయేది.

అప్పని వదినగా మార్చి చూశాను. వదిన కొడుకు మేనల్లుడు, మేనల్లుడికి పిల్లనివ్వొచ్చు, శాస్త్రం కుదిరిపోయింది. కానీ నాలుగో భాగం చెడింది. వదిన ఒళ్లో అలా పడి ఏడవరు. వదినతో మేలమాడతారు, పెట్టుపోతలు చూసుకుంటారు, మాటకి మాట అప్పజెబుతారు. ఆ అన్నం ముద్ద వదిన చేతిలో వేరే ముద్దయిపోయింది. మళ్లీ అప్పనే తెచ్చిపెట్టాను.

అబ్బాయిని పెంచుకున్న కొడుకుని చేశాను. "పెంచితే కొడుకు కాకుండా పోతాడేటి?" అంది అత్త. విసుగెత్తి వాడిని వేటకి పంపి పడవ ముంచేశాను. అది వినిపించిన రోజు ఆవిడ నాతో మాట్లాడలేదు. మర్నాడు మాత్రం, "సంపడానికి మీకు సముద్రం ఒకటి దొరికినాది" అంది. అది కూడా తీసేశాను. అలా ఒక ఏడాది పోయింది, ఇంకో ఏడాది కూడా పోయింది. పాఠకులు అడగడం మానేశారు. నవల ఆ పెళ్లి పందిట్లోనే ఆగిపోయింది. నేను ఆవకాయ జాడీల వైపు చూడటం మొదలుపెట్టాను.

ఆ ఎండాకాలం మా తమ్ముడు ఊళ్లో కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టాడు. అత్తా నేనూ వెళ్లాం. భోజనాల దగ్గరికి ఎదురింటి పెదనాన్న వచ్చాడు. సొంత పెదనాన్న కాదు, మా నాన్న ఆయన్ని అన్నా అంటాడు కాబట్టి నాకు పెదనాన్న. చిన్నప్పటి నుంచి చూస్తున్న మనిషి. అత్త పుట్టింటికి వచ్చినప్పుడల్లా వచ్చి గుమ్మంలో నిలబడతాడు.

"బాగున్నావా సెల్లెమ్మా?"

"బాగున్నానన్నా."

ఇంతే మాట్లాడుకుంటారు. తర్వాత మా నాన్నతో కూర్చుని వానల గురించి మాట్లాడి వెళ్లిపోతాడు. ఆరోజు మేం తిరిగి బయల్దేరుతుంటే పనసకాయ ఒకటి భుజాన పెట్టుకుని రోడ్డుదాకా మోసుకొచ్చి, బస్సులో మా సీటు కింద తోశాడు. బస్సు కదిలాక కిటికీ పక్కన అత్త ఆ కాయ మీద కాళ్లు ఆనకుండా ముడుచుకుని కూర్చుంది.

నేను నా ఏడుపులో నేనున్నాను. ఇక ఆ నవల ఎత్తేస్తానత్తా, నా వల్ల కాదు అన్నాను.

 శృంగవరపుకోట దాటాక, అత్త కిటికీలోంచి చూస్తూనే, "అప్ప అన్న మాట మార్సకు. అది బాగున్నాది" అంది.

"మరి పెళ్లెలా చేయను?"

"మా అమ్మ కూడా ఆళ్లమ్మని అప్పా అనీది."

"ఎవరమ్మని?"

సీటు కింద పనసకాయ వైపు గెడ్డం ఊపింది. నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. పెదనాన్న వాళ్లమ్మని. ఒకే కులం, ఎదురెదురు ఇళ్లు, ఈడూజోడూ. చుట్టరికం చుక్క లేదు. మా నానమ్మ ఎప్పుడో ఇరుగుపొరుగు అభిమానం కొద్దీ అన్న ఒక్క మాట తప్ప.

"ఎవరినైనా అడిగారా అత్తా?"

"ఎవుల్ని అడుగుతాం? ఒకనాడు ఆడే నన్ను సెల్లీ అని పిలిసీసినాడు. అయిపోనాది."

"అంతకుముందు ఏమని పిలిచేవాడు?"

"ఏటీ పిలిసీవోడు కాదు," అంది.

 విజయనగరం వచ్చేదాకా నా మనసు కుదురుగా లేదు. ఆ పెళ్లి జరిగుంటే బావ పుట్టడు, నేనీ ఇంటికి రాను. పుట్టకపోయే బావ కోసం బాధపడాలా, జరగని పెళ్లి కోసం బాధపడాలా? ఎప్పుడో పోయిన మావయ్య గుర్తొచ్చాడు. ఆయన మీద జాలిపడటం న్యాయమా, అన్యాయమా? ఇంట్లో దిగగానే బావ పనసకాయ చూసి, "ఎవులిచ్చేరే, ఇంత బాగున్నాది?" అన్నాడు. పెదనాన్న అని చెప్పి లోపలికి వెళ్లిపోయాను.

ఆ వారమే నవల మళ్లీ తెరిచాను. మొదట చేసిన పని, అబ్బాయి అమ్మాయిని పిలిచే ముద్దు పేర్లన్నీ తీసేయడం. బంగారం, బుజ్జి, అన్నీ పోయాయి. వాడు ఆమెని ఏమనీ పిలవడు. తర్వాత నాలుగో భాగం ముట్టుకోకుండా చివరి భాగం రాశాను. వరస తప్పని ఊరు మొత్తం అంటుంది. అమ్మాయి తల్లి ఎవరికీ జవాబు చెప్పదు. పొద్దున్నే చేపల తట్టతో అబ్బాయి తల్లి వచ్చే దారిలో, నలుగురూ చూస్తుండగా ఎదురెళ్లి నిలబడుతుంది. రోజూ అప్పా అనే నోటితో "రా వదినా" అంటుంది. వియ్యపురాళ్లు వదినా అనుకోవడం ఎక్కడైనా ఉన్నదే. కానీ ఆ మాట అన్నందుకు అమ్మాయి తల్లికి అప్ప పోయింది. తట్ట పట్టుకున్న ఆవిడకీ అది తెలిసింది. ఇద్దరూ రోడ్డు మీద ఏడుస్తారు. తర్వాత పెళ్లవుతుంది.

అత్తకి చదివి వినిపించాను. ఈసారి చేతిలో నెత్తళ్లు లేవు, చిక్కుళ్లు ఉన్నాయి. "రా వదినా" దగ్గర ఈనె తీస్తున్న చెయ్యి ఆగింది. పూర్తయ్యాక నేను బుద్ధిలేకుండా, "వరస కుదిరిందా అత్తా?" అని అడిగాను.

"అంతేనేటి?" అంది. "ఆ ఒక్క మాట మార్సీస్తే అయిపోయీదా?"

 నేను ఆవిడకి ఏదో ఇచ్చాననుకున్నాను, ఉన్నది కూడా లాగేశానా? ఇంతకాలం దారి లేదని ఊరుకున్న మనిషికి దారి ఉండేదని చూపించడం మంచిపనేనా? చెరిపేయనా అత్తా అని అడిగాను. "ఒద్దు, మళ్లీ సదువు" అంది. మళ్లీ చదివాను. చిక్కుళ్లు అలాగే ఉండిపోయాయి, సాయంత్రం గుడ్లు వండుకున్నాం.

ఆ నవల యాప్‌లో పెట్టాను, మంచు కొండలతో సహా. నేను పూర్తి చేసిన మొదటి నవల అదే. అయిపోయాక సంతోషించాల్సింది పోయి, తప్పిపోయినదాన్లా ఇల్లంతా తిరిగాను. పాఠకులు సూపర్ అక్కా అన్నారు.

తర్వాత ఊరెళ్లినప్పుడు పెదనాన్న ఎప్పట్లాగే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "బాగున్నావా సెల్లెమ్మా?" అన్నాడు.

"బాగున్నాను," అంది అత్త.

ఇంకో మాట కోసం ఆయన కాసేపు అక్కడే నిలబడ్డాడు. నేను కూడా ఎదురుచూశాను. అన్నా అనడం ఆవిడ మరిచిపోయిందో, మానేసిందో నాకు ఈరోజుకీ తెలియదు. అడగలేదు.