పిడుగుకు సగటు తీశాను

పదో తరగతితో బడి మానేసినా లెక్కల్ని మాత్రం వదలని మనిషిని నేను. మేడ్చల్‌లో గుంటల్ని గజాల్లోకి మార్చాలంటే జనం ఫోను తీయరు, నన్ను పిలుస్తారు. అలాంటివాణ్ణి, ఒక ఎండాకాలం సాయంత్రం, కూడిక తప్పకుండా, భాగహారం తప్పకుండా, మా అక్కను దాదాపు చంపుకున్నాను. చదివి నవ్వండి. నేనూ నవ్వుతూనే చెబుతాను.

అక్కావాళ్ల పొలం రావల్కోల్‌లో. కల్లంలో వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఆకాశం మాడిన పెనంలా నల్లబడింది. బావా నేనూ వడ్లు కుప్ప చేస్తున్నాం. పక్కనే వేపచెట్టుకు అక్క బర్రె బొల్లి కట్టేసి ఉంది. అక్క దానితో మాట్లాడినంత బావతో కూడా మాట్లాడదు.

మెరిసింది. కాసేపటికి ఉరిమింది.

"తమ్మీ, వడ్లు తడిస్తే తడవనీ. బొల్లిని ఇప్పుకొని ఇంటికి పోదాం పా," అంది అక్క.

"ఆగక్కా, లెక్క జేసిన. మెరుపుకూ ఉరుముకూ నడుమ ఇరవై నాలుగు సెకన్లు. మూడుతోని భాగిస్తే ఎనిమిది కిలోమీటర్లు. గా పిడుగు షామీర్‌పేట చెర్వు కాడున్నది."

"ఇటు రానీకి దానికి బస్సు దొరకదా ఏంది?"

బావ పకపకా నవ్వాడు. నేను నవ్వలేదు. లెక్కల మనిషిని కదా. ఉరుము వినబడిందంటేనే పిడుగుకు అందేంత దగ్గర్లో ఉన్నామని, ఎనిమిది కిలోమీటర్లు దానికి ఒక్క అంగ అని నాకప్పటికి తెలియదు.

రెండోసారి పదిహేను లెక్కపెట్టాను. మూడోసారి ఆరు. బుద్ధి ఉన్నవాడెవడైనా 'ఇది మీదికొస్తోంది' అని పరుగెత్తుతాడు. నేను సగటు తీశాను.

"మూడూ కలిపితే నలభై ఐదు. సగటు పదిహేను. అంటే ఐదు కిలోమీటర్లు. మస్తు టైమున్నది, టార్పాలిన్ మూల పట్టక్కా!"

"పిడుగు సగటు జూసి పడ్తదారా?" అని కసురుతూనే, తమ్ముడి మాట తీసేయలేక అక్క ఆ మూల పట్టింది. దాన్ని రాయికి కట్టి, అప్పుడు చెట్టు వైపు నడిచింది. ఆ కాసేపు నేను ఆపకపోతే అక్కా బొల్లీ ఇద్దరూ ఇంటికి చేరి ఉండేవారు.

నాలుగోసారి 'ఒకటి' అనే వ్యవధి కూడా దొరకలేదు. కళ్లు తెరిచేసరికి నేను వడ్లకుప్పలో పొదిగే కోడిలా కూర్చుని ఉన్నాను. చెట్టు నిలువునా చీలింది. బొల్లి కూలిపోయింది. చెట్టుకు ఇవతల అక్క బోర్లా పడి ఉంది.

బావ ఉరికాడు. అప్పుడైనా నా తెలివి నోరు మూసుకుందా?

"ముట్టకు బావా! ఒంట్ల కరెంటుంటది!"

"థూ, నీ లెక్కలు పాడుగాను! నా పెండ్లాన్ని నేను ముట్టద్దా?"

పిడుగు పడ్డ మనిషి ఒంట్లో కరెంటు నిలవదు. ముట్టుకోవచ్చు, ముట్టుకుని తీరాలి. ఊపిరి ఆడకపోతే ఆ క్షణమే గుండె మీద ఒత్తడం మొదలుపెట్టాలి. బావ నా మాట విని ఆగి ఉంటే ఏమయ్యేదో, ఆ లెక్క మాత్రం నేనింతవరకూ వేయలేదు.

అదృష్టం, అక్కకు ఊపిరి ఆడుతోంది. ఇంట్లోకి మోసుకొచ్చి అంబులెన్సును పిలిచాం. కళ్లు తెరిచి ఆమె అడిగిన మొదటి మాట, "బొల్లి ఏది?" ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డదంటారు. నా సగటు పోయి పోయి పాలిచ్చే బర్రె మీద పడింది.

దవాఖాన నుంచి వచ్చాక చాలా రోజులు అక్కకు ఎడమ చెవి వినిపించలేదు. తప్పు ఒప్పుకుందామని వెళ్లాను. ధైర్యం చాలక, చూసి చూసి ఆ ఎడమ పక్కనే కూర్చున్నాను.

"తప్పయింది అక్కా, నా వల్లనే బొల్లి పోయింది," అని గొణిగాను.

అక్క తల తిప్పకుండా మంచం కుడి పక్కన తట్టింది.

"ఇటొచ్చి చెప్పు తమ్మీ. గా చెవి బొల్లితోనే పోయింది."

అటు వెళ్లి చెప్పాను. చెప్పడం పూర్తికాకముందే ఏడ్చాను.

కనుక ఎక్కాల పుస్తకం మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఉరుము చెవిన పడితే చాలు, వడ్లు మొలకెత్తినా సరే, మనుషుల్నీ పశువుల్నీ తోలుకుని పక్కా ఇంట్లో దూరతాను. ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా గడప దాటను. ఆ అరగంట కూడా నేను లెక్కపెట్టను, అక్క చెబుతుంది.